ఎంజీఎంటీ ‘కంగ్రాచ్యులేషన్స్’: అప్పుడు తిట్టిన ఆల్బమ్‌నే ఇప్పుడు అందరూ ఎందుకు మెచ్చుకుంటున్నారు?

సీతమ్మధార

మూడోసారి కూడా పూర్తిగా వినలేకపోయాను. అందుకే ఈ థ్రెడ్ పెడుతున్నా.

2009లో మా ఇంజినీరింగ్ హాస్టల్‌కి పక్కరూమ్ కుర్రాడు పెన్‌డ్రైవ్‌లో ఎంజీఎంటీ అనే అమెరికన్ బ్యాండ్ ‘కిడ్స్’ పాట తెచ్చాడు. ఆ కీబోర్డ్ ముక్క మొదలైతే చాలు, బకెట్ పట్టుకుని స్నానానికి వెళ్లేవాడు కూడా కారిడార్‌లో ఆగి ఊగేవాడు. ఇంగ్లిష్ పాటలంటే ఆమడ దూరం పారిపోయే నా రూమ్మేట్ ‘ఎలక్ట్రిక్ ఫీల్’ని రింగ్‌టోన్‌గా పెట్టుకున్నాడు. ‘ఒరాక్యులర్ స్పెక్టాక్యులర్’ అనే ఆ ఆల్బమ్ పేరు పలకడం ఎవరికీ రాదు, పాటలు మాత్రం అందరికీ వచ్చు.

2010లో వాళ్ల రెండో ఆల్బమ్ ‘కంగ్రాచ్యులేషన్స్’ వచ్చింది. రూమ్‌లో ఆరుగురం కూర్చుని విన్నాం. ఒక్క పాటా నోటికి రాలేదు. నెట్‌లో చూస్తే అందరిదీ మా మాటే: వీళ్లకి పొగరెక్కింది, కావాలని చెడగొట్టుకున్నారు అని. డిలీట్ చేసేశాం.

ఇప్పుడు ఇంటర్ చదివే మా మేనల్లుడు రీల్స్‌లో ‘లిటిల్ డార్క్ ఏజ్’ విని వీళ్ల వెంట పడ్డాడు. “మామయ్యా, అన్నిట్లోకీ బెస్ట్ కంగ్రాచ్యులేషన్సే” అంటాడు. నెట్‌లో చూస్తే మాస్టర్‌పీస్ అనేవాళ్లు నిజంగానే చాలామంది ఉన్నారు. సరే అని మూడుసార్లు కూర్చున్నా. మూడుసార్లూ ఆరో పాట ‘సైబీరియన్ బ్రేక్స్’ దగ్గరే ఆగిపోయా. పన్నెండు నిమిషాలు! పల్లవి ఎక్కడుందో ఎవరైనా చూపించండి.

ఇది నిజంగా మంచి ఆల్బమా, లేక పాతబడితే ఏదైనా గొప్పదైపోతుందా?

గోంగూర_గిటార్

రెండోదే.

కీబోర్డ్_కిట్టు

కాదు, మొదటిదే. సాయంత్రం ఇంటికెళ్లి రాస్తా, ఇది ఫోన్లో రాసే విషయం కాదు.

మేనమామ_కాదు

మా కాలేజీలో ఎంజీఎంటీ అంటే మేనేజ్‌మెంట్ కోటా. థ్రెడ్ పేరు చూసి సీటు వచ్చిన కుర్రాడికి కంగ్రాచ్యులేషన్స్ చెబుతున్నారేమో అనుకుని లోపలికొచ్చా.

క్యాసెట్‌కాలం

పైవారి మాటలో కొంత నిజం ఉంది. వాళ్ల మొదటి పేరు ‘ది మేనేజ్‌మెంట్’. తర్వాత దాన్ని ఎంజీఎంటీగా కుదించుకున్నారు. అక్షరాలుగానే పలకాలి.

అసలు విషయానికొస్తాను. ఇద్దరే మనుషులు, ఆండ్రూ వాన్‌విన్‌గార్డెన్, బెన్ గోల్డ్‌వాసర్. అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలోని వెస్లియన్ యూనివర్సిటీలో చదువుతూ కలిశారు. ‘కిడ్స్’, ‘టైమ్ టు ప్రిటెండ్’ ఆ కాలేజీ రోజుల్లో కట్టుకున్న పాటలు. 2005లో వచ్చిన చిన్న రికార్డులోనే ఈ రెండూ ఉన్నాయి. ‘టైమ్ టు ప్రిటెండ్’ని జాగ్రత్తగా వినండి. మనం పెద్ద స్టార్లం అయిపోతాం, డబ్బు, మోడళ్లు, పారిస్, తర్వాత కుర్రవయసులోనే పోతాం అని ఊహించుకుంటూ పాడతారు. మధ్యలో గొంతు మారుతుంది. అమ్మ గుర్తొస్తుంది, చెల్లి గుర్తొస్తుంది, చిన్నప్పుడు మట్టి తవ్వుకుంటూ ఆడుకున్నది గుర్తొస్తుంది. స్టార్‌డమ్ అంటే ఏమిటో తెలియని కుర్రాళ్లు దాన్ని ఊహించుకుని రాసుకున్న పాట అది. కొలంబియా లాంటి పెద్ద లేబుల్ తీసుకుంది, ఆ పాట ప్రపంచమంతా తిరిగింది, ఊహ నిజమైపోయింది.

ఇక రెండో ఆల్బమ్‌లో ఏం రాస్తారు? నిజమయ్యాక ఎలా ఉందో రాస్తారు. ‘కంగ్రాచ్యులేషన్స్’ అంతా అదే. 2010లో మనమంతా మళ్లీ ఊహనే అడిగాం. వాళ్లు ఆ ఊహలోంచి బయటికొచ్చి మాట్లాడుతున్నారు.

సీతమ్మధార గారూ, మీ ప్రశ్నకి నా జవాబు ఇదే. పాతబడినందుకు గొప్పది కాలేదు. మనం అడిగేది మారింది, అంతే.

గోంగూర_గిటార్

సార్, కథ బాగుంది. కానీ నేను పాట వింటాను, పాట వెనక కథ వినను. వంట బాగాలేకపోతే వండినవాడి కష్టం చెబితే రుచి వస్తుందా?

క్యాసెట్‌కాలం

రుచి రాదు. కానీ పులిహోర అనుకుని నోట్లో పెట్టుకుంటే దద్దోజనం కూడా బాగుండదు. తప్పు దద్దోజనానిదా?

మేనమామ_కాదు

ఆకలి మొదలైంది.

మిన్నెసోటా_మంచు

ఆ వేసవిలో నేను ఎమ్మెస్ మొదటి ఏడాదిలో ఉన్నా. ల్యాబ్‌లో ఉండే ఓ సీనియర్ అన్న తన టికెట్ మిగిలిందని ఇచ్చాడు, వాళ్ల షోకి వెళ్లా. నా చుట్టూ ఉన్నవాళ్లలో సగంమంది ఒక్క పాట కోసమే వచ్చారు. కొత్త ఆల్బమ్ పాటలు వాయిస్తుంటే చేతులు కట్టుకుని నిలబడ్డారు. పాటకీ పాటకీ మధ్య “కిడ్స్! కిడ్స్!” అని అరుపులు. నా ముందున్న అమ్మాయి ఒక పాట మధ్యలో ఫోన్ తీసి మెసేజ్‌లు చూసుకోవడం మొదలెట్టింది. అప్పుడు స్టేజీ మీద ఆండ్రూ మొహం చూశా. కోపం లేదు. బంధువుల ఇంట్లో పిల్లాడిని నిలబెట్టి “ఆ పద్యం చెప్పు నాన్నా” అంటే పిల్లాడి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది.

నిజం చెప్పాలంటే అరిచినవాళ్లలో నేనూ ఒకడిని. ఈ థ్రెడ్ చూడగానే అదే గుర్తొచ్చింది. ఆ రోజు ఏ పాట మధ్యలో అరిచానో ఇప్పుడు తెలుసు. ‘ఐ ఫౌండ్ ఎ విజిల్’. ఇప్పుడు ఆ ఆల్బమ్‌లో నాకు చాలా ఇష్టమైన పాట అదే.

నిద్రపట్టని_నీలిమ

మిన్నెసోటా గారి పోస్టు చదివి గుండె పట్టేసింది. ‘ఐ ఫౌండ్ ఎ విజిల్’ నాకూ చాలా ఇష్టం. నాది ల్యాబ్‌లో నైట్ డ్యూటీ. తెల్లవారుజామున నాలుగింటికి శాంపిల్స్ మెషిన్లో పెట్టేశాక ఇరవై నిమిషాలు ఖాళీ దొరుకుతుంది. ఆ టైమ్‌కి సరిపోయే పాటలు చాలా తక్కువ, హుషారు పాటలైతే తల నొప్పెడతాయి. ఇది మాత్రం సరిపోతుంది.

కీబోర్డ్_కిట్టు

ఇంటికొచ్చా. సీతమ్మధార గారు పల్లవి ఎక్కడుందో చూపించమన్నారు కదా, చూపిస్తా. ముందు ‘సైబీరియన్ బ్రేక్స్’ వదిలేయండి. మూడో పాట ‘సమ్‌వన్స్ మిస్సింగ్’కి వెళ్లండి, రెండున్నర నిమిషాలే. మొదట సన్నని గొంతు, దాదాపు గుసగుసలా ఉంటుంది. నిమిషం దాటినా ఏమీ జరగదు. మీరు నెక్స్ట్ నొక్కబోతారు. సరిగ్గా అప్పుడు డ్రమ్స్, బేస్ అన్నీ కలిసి లేస్తాయి, పేరులోని మాటలే పల్లవిగా వస్తాయి, పాతకాలపు అమెరికన్ సోల్ పాటలా ఊపేస్తుంది. చేతులు తాళం వేయడం మొదలుపెట్టేలోపు పాట అయిపోతుంది!

వేరే ఎవరైనా అయితే ఆ ముక్కని తీసుకొచ్చి ముందు పెట్టి, నాలుగుసార్లు తిప్పి, నాలుగు నిమిషాల హిట్ చేసుకునేవాళ్లు. వీళ్లు ఒక్కసారి చూపించి తీసేసుకున్నారు. పాట పేరు ‘ఎవరో లేరు’ అని, పల్లవి కూడా అలాగే వచ్చి పోతుంది. హుక్స్, అంటే వినగానే పట్టేసే ముక్కలు, రాయడం చేతకాక ఇలా చేశారనే మాట మాత్రం ఒప్పుకోను. చేతనయినవాళ్లు కాబట్టే ఇలా చేయగలిగారు.

గోంగూర_గిటార్

నేను అనేది కూడా అదే కిట్టూ. చేతనయ్యుండి ఇవ్వకపోవడమేంటి? విడుదలకి ముందే ఇంటర్వ్యూలో చెప్పేశారు, ఇందులో ‘కిడ్స్’ లాంటివి ఉండవు, సింగిల్స్ ఆలోచన లేదు, మొత్తం ఆల్బమ్‌గా వినండి అని. వినేవాళ్లకి షరతులు పెట్టడం కాదా ఇది? నేను నెల జీతంలోంచి సీడీ కొన్నవాణ్ని, నాకు అడిగే హక్కుంది.

కీబోర్డ్_కిట్టు

అడిగే హక్కుంది అన్నా, ఎవరు కాదన్నారు. కానీ వాళ్లు ముందే చెప్పారుగా! దాచిపెట్టి అమ్మలేదు. మార్చిలో ‘ఫ్లాష్ డెలీరియం’ని ఉచితంగా డౌన్‌లోడ్‌కి పెట్టారు. నాలుగు నిమిషాల్లో నాలుగు రకాలుగా మలుపు తిరిగి, మధ్యలో ఫ్లూట్ వచ్చి, చివర్లో అరుపులతో ఠక్కున ఆగిపోయే పాట అది. ఆల్బమ్ ఎలా ఉండబోతోందో దాంతోనే చెప్పేశారు. ఆల్బమ్ ముందే లీకైతే మొత్తం తమ వెబ్‌సైట్‌లో పెట్టి వినమన్నారు. డౌన్‌లోడ్ కూడా ఉచితంగా ఇద్దామనుకున్నామని, తమకి తప్ప ఇంకెవరికీ అది సబబుగా అనిపించలేదని కూడా రాశారు. ఇంతకంటే నిజాయితీగా ఇంకెలా ఉంటారు?

బిల్‌బోర్డ్_బుల్లెబ్బాయ్

ఇద్దరూ తిట్టుకునే ముందు ఒక లెక్క. మొదటి ఆల్బమ్ అంత పాపులరైనా అమెరికా ఆల్బమ్‌ల చార్టు బిల్‌బోర్డ్ 200లో 38వ స్థానం దాటలేదు. ‘కంగ్రాచ్యులేషన్స్’ 2010 ఏప్రిల్‌లో విడుదలై మొదటి వారమే 2వ స్థానంలో దిగింది. దాదాపు 66,000 కాపీలు. బ్రిటన్‌లో 4వ స్థానం. అందరూ తిట్టారంటున్న ఆల్బమ్ చార్టుల్లో ముందుదాని కంటే పైన మొదలైంది.

గోంగూర_గిటార్

అది ఈ ఆల్బమ్ గొప్పతనం కాదు బుల్లెబ్బాయ్, ‘కిడ్స్’ పుణ్యం. పండక్కి హీరో మొదటిరోజు కలెక్షన్లు ముందు సినిమా హిట్టయిందని వస్తాయి. ఈ సినిమా ఎలా ఉందో రెండో వారం చెబుతుంది.

బిల్‌బోర్డ్_బుల్లెబ్బాయ్

ఒప్పుకుంటా. అందుకే ఆ అంకె నాకు ఇంకోలా కనిపిస్తుంది. 66,000 మంది మొదటి వారంలోనే కొన్నారంటే, ‘కిడ్స్’ కోసం ఎదురుచూస్తూ కొని నిరాశపడ్డవాళ్లు అందులో చాలామందే ఉంటారు. ఏ పేరూ లేని బ్యాండ్ ఇదే ఆల్బమ్ చేసి ఉంటే కొద్దిమందే విని, మంచి సైకెడెలిక్ రికార్డ్ అని ఊరుకునేవాళ్లు. తిట్లు ఇంత గట్టిగా పడ్డాయంటే ముందు ప్రేమ అంత గట్టిగా ఉంది.

సీతమ్మధార

బుల్లెబ్బాయ్ గారు చెప్పింది మా హాస్టల్ రూమ్‌కి అచ్చంగా సరిపోతుంది. మేము తిట్టింది ప్రేమతోనే.

కిట్టు గారూ, ‘సమ్‌వన్స్ మిస్సింగ్’ విన్నా. ఆ ముక్క నిజంగా బాగుంది. ఇంతకుముందు మూడుసార్లూ దాని మీదుగా దాటిపోయానని ఇప్పుడు తెలిసింది. అయిపోగానే మళ్లీ పెట్టుకున్నా, అప్పటికి మాత్రం చిరాకేసింది. ఎందుకు తీసేసుకున్నారండీ!

మరి ఆనాటి క్రిటిక్స్ మాటేమిటి? వాళ్లూ మాలాగే తిట్టారా?

క్యాసెట్‌కాలం

పూర్తిగా తిట్టారనేది ఇప్పుడు అల్లుకున్న కథ. అప్పటి రివ్యూలు చూస్తే రెండు రకాలూ ఉన్నాయి. సాహసం చేశారని మెచ్చుకున్నవాళ్లున్నారు. తమ రికార్డుల అరలో ఏమేం ఉన్నాయో చూపిస్తున్నారే తప్ప పాట ఏది అన్నవాళ్లున్నారు. ఇండీ సంగీతానికి అప్పట్లో పెద్ద తీర్పరి పిచ్‌ఫోర్క్ పదికి 6.8 ఇచ్చింది. అది ఫెయిల్ మార్కు కాదు, అలాగని నెత్తిన పెట్టుకున్నదీ కాదు. ఆ కాలంలో పిచ్‌ఫోర్క్ 8 దాటితే బ్యాండ్ జాతకం మారిపోయేది. 6.8 అంటే చదివినవాడు తర్వాత విందాంలే అని పక్కన పెట్టేసే మార్కు.

క్రిటిక్స్ కంటే అభిమానులకే కోపం ఎక్కువ. క్రిటిక్ రోజుకి మూడు ఆల్బమ్‌లు వింటాడు, మర్చిపోతాడు. అభిమాని రెండేళ్లు ఎదురుచూశాడు.

రికార్డుల అర అన్నమాట గురించి కొంచెం చెప్పాలి. నిర్మాతగా వాళ్లతో పనిచేసినది పీట్ కెంబర్, సోనిక్ బూమ్ అంటారు. ఎనభైల్లో ఇంగ్లండ్‌లో స్పేస్‌మెన్ 3 అనే బ్యాండ్‌లో ఉన్నాడు. ఒకటే స్వరాన్ని పొగలా నిమిషాల తరబడి నింపే సంగీతం వాళ్లది. రెండో పాట ‘సాంగ్ ఫర్ డాన్ ట్రేసీ’, టెలివిజన్ పర్సనాలిటీస్ అనే బ్రిటిష్ బ్యాండ్ నడిపిన మనిషి మీద. ఏడో పాట పేరే ‘బ్రయన్ ఈనో’, అదీ ఒక బ్రిటిష్ సంగీతకారుడి పేరే. ఎవరీ మనుషులు? రేడియోలో పెద్దగా వినపడని, కానీ సంగీతకారులు ఒకరికొకరు చెప్పుకునే పేర్లు. ప్రపంచం చప్పట్లు కొడుతున్నప్పుడు ఈ ఇద్దరూ వెనక్కి తిరిగి తమ గురువులకి నమస్కారం పెట్టారు. నాకు ఇందులో పొగరు ఎక్కడా కనిపించలేదు.

వీణ_వాయిదాలు

ఈ గురువుల మాట కోసం లాగిన్ అయ్యాను. మా సంగీతం టీచర్‌గారు కచేరీకి ముందు తన గురువుగారి పేరు చెప్పకుండా ఎప్పుడూ మొదలుపెట్టలేదు. వినేవాళ్లకి ఆ పేరు తెలియాల్సిన పనిలేదు, చెప్పేవాళ్లకి చెప్పాలి.

చిన్న_డౌట్

రెహమాన్ పాటల్ని మనం స్లో పాయిజన్ అంటాం కదా, ఇదీ అలాంటిదేనా? మొదటిసారి ఏంట్రా ఇది అనిపించి, పదోసారికి వదలకపోవడం?

గోంగూర_గిటార్

కాదు తమ్ముడూ, ఇక్కడే నాకూ వీళ్లకీ తేడా వస్తోంది. రెహమాన్ పాటకి మొదటిసారే పట్టుకోడానికి ఒక కొక్కెం ఉంటుంది. బేస్ లైనో, ఒక గమకమో, కోరస్సో. అది పట్టుకుని లోపలికి వెళ్తాం. ఇందులో ఆ కొక్కెం లేదు. పదిసార్లు వింటే గోడ కూడా అలవాటవుతుంది.

నిద్రపట్టని_నీలిమ

అలవాటు వేరు, ఇష్టం వేరండీ. మా ల్యాబ్‌లో సెంట్రిఫ్యూజ్ చప్పుడు ఎనిమిదేళ్లుగా వింటున్నా, అలవాటైంది. ఇంటికెళ్లాక దాన్ని తలచుకుని వినాలని ఎప్పుడూ అనిపించలేదు. ఈ ఆల్బమ్‌ని మాత్రం సెలవురోజు కూడా పెట్టుకుంటా.

గోంగూర_గిటార్

సరే నీలిమ గారూ, ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు.

కీబోర్డ్_కిట్టు

చరిత్రలో మొదటిసారి.

అలల_అప్పారావు

‘సైబీరియన్ బ్రేక్స్’ గురించి ఒక ముక్క. వైజాగ్‌వాళ్లకి ఇది త్వరగా అర్థమవుతుంది. సీతమ్మధార గారు పేరుని బట్టి మా ఊరివారే అనుకుంటా. ఇక్కడ బ్రేక్ అంటే విరామం కాదు. సముద్రంలో అల లేచి విరిగే చోటుని సర్ఫింగ్ చేసేవాళ్లు బ్రేక్ అంటారు. ఆల్బమ్‌లో కొంత భాగం కాలిఫోర్నియాలోని మాలిబూలో సముద్రం పక్కన ఇల్లు తీసుకుని చేశారు. ఆండ్రూకి సర్ఫింగ్ పిచ్చి. ఈ పాట రష్యా దగ్గర ఆర్కిటిక్ నీళ్లలో సర్ఫింగ్ చేయడం లాంటి ఊహ అని, ఎనిమిది పాటల్ని ఒకటిగా కుట్టినట్టు ఉంటుందని అతనే చెప్పాడు.

నేను రుషికొండలో సర్ఫింగ్ నేర్చుకున్నా. నేర్పేవాళ్లు మొదట చెప్పేది ఏమిటంటే, ఊరికే నీళ్లలో కూర్చుని అలలు ఎలా వస్తున్నాయో చూడు అని. గంటలో నువ్వు నిజంగా అల మీద ఉండేది నిమిషమో రెండు నిమిషాలో. మిగతా అంతా ఎదురుచూపు. ఈ పాట కూడా అంతే. ఒక రాగం లేస్తుంది, ఎక్కుతావు, విరిగిపోతుంది. మళ్లీ నీళ్లు. ఇంకోటి లేస్తుంది, మొదటిదానికీ దీనికీ పోలికే ఉండదు. చివర్లో గొంతులు కూడా పోయి సింథసైజర్ ఒక్కటే నెమ్మదిగా పెద్దదవుతూ వస్తుంది. ఒడ్డుకొచ్చి బోర్డు పక్కన పెట్టి ఇసుకలో వెల్లకిలా పడుకున్నట్టుంటుంది. పల్లవి కోసం వెతక్కండి సార్, కెరటాలకి పల్లవి ఉండదు.

కవర్ బొమ్మ కూడా చూడండి. ఆంథనీ ఆస్‌గాంగ్ అనే చిత్రకారుడిది. పిల్లి సర్ఫింగ్ చేస్తుంటుంది. దాని వెనక లేచిన అల కూడా నోరు తెరిచిన పెద్ద పిల్లే. ఎక్కి వచ్చిన అలే మింగడానికి వస్తోంది.

మేనమామ_కాదు

ఆ కవర్ ఇప్పుడే జూమ్ చేసి చూశా. సర్ఫింగ్ చేసే పిల్లి మొహంలో ఉన్న టెన్షన్ మా తమ్ముడు వైవాకి వెళ్లేముందు ఉండేదే.

క్యాసెట్‌కాలం

అప్పారావు గారు, చాలా ఏళ్లుగా ఆ కవర్ చూస్తున్నా, ‘ఎక్కి వచ్చిన అలే’ అన్న మాట నాకు తట్టలేదు. మీకు దండం.

చిన్న_డౌట్

ఎవరో అన్నారు, ఫ్రాన్స్‌లో ఏదో పార్టీ వీళ్ల పాట వాడుకుందని. నిజమేనా?

బిల్‌బోర్డ్_బుల్లెబ్బాయ్

నిజమే. 2009లో అప్పటి ఫ్రాన్స్ అధ్యక్షుడు సర్కోజీ పార్టీ యూఎంపీ అనుమతి లేకుండా ‘కిడ్స్’ని సభలోనూ వీడియోల్లోనూ వాడింది. వీళ్లు అడిగితే మొదట 1 యూరో ఇస్తామన్నారు. బ్యాండ్ ఒప్పుకోలేదు, చివరికి రాజీ అయ్యింది. వచ్చిన డబ్బు కళాకారుల హక్కుల కోసం పనిచేసే సంస్థలకి ఇస్తామన్నారు.

మిన్నెసోటా_మంచు

దీన్ని కూడా మన విషయంలోకి తీసుకోవచ్చు. కాలేజీ గదిలో సరదాగా కట్టుకున్న పాట ఎవరెవరి చేతుల్లోకో పోతే ఎలా ఉంటుంది? నా ప్రాజెక్టు కోడ్‌ని వేరే టీమ్ చెప్పకుండా తీసేసుకున్నప్పుడు నాకు నెలపాటు దాని మొహం చూడబుద్ధి కాలేదు. వాళ్లకి ‘కిడ్స్’ మీద ఉన్న ఇబ్బందిలో అది కూడా ఉండి ఉంటుందని నా ఊహ.

ఫోర్త్‌ఇయర్_ఫణి

నాకు ఇరవై ఒకటి. మీ అందరి గొడవా నాకు కొత్తగా ఉంది. నేను రివర్స్‌లో వచ్చా. 2020 చివర్లో టిక్‌టాక్ ఎడిట్ల వల్ల ‘లిటిల్ డార్క్ ఏజ్’ మళ్లీ పైకి లేచింది, మనకి అప్పటికే టిక్‌టాక్ బ్యాన్ కాబట్టి అవే ఎడిట్లు రీల్స్‌లో చూశాం. ఆ ఆల్బమ్ 2018ది. అక్కణ్నుంచి వెనక్కి వెళ్తే ముందు తగిలింది ‘కంగ్రాచ్యులేషన్స్’. ‘కిడ్స్’ తర్వాత విన్నా. నాకు ఎదురుచూపు లేదు, కోపమూ లేదు. తొమ్మిది పాటలు, ముప్పావుగంట లోపు, బస్సులో కాలేజీకి వెళ్లేసరికి అయిపోతుంది. నాకు ఇది మామూలుగా మంచి ఆల్బమ్. మాస్టర్‌పీసో ద్రోహమో తేల్చుకోవాల్సిన పని నాకు ఎప్పుడూ రాలేదు.

సీతమ్మధార అంకుల్, మీ మేనల్లుడు కూడా ఇలాగే విని ఉంటాడు.

సీతమ్మధార

అంకుల్! సరే కానీ, నువ్వు చెప్పింది నిజం ఫణీ. రాత్రి వాణ్ని అడిగా. “నువ్వు ముందు ఏది విన్నావ్రా” అంటే “ఇదే మామయ్యా” అన్నాడు.

గోంగూర_గిటార్

ఫణి పోస్టు చదివాక నేనూ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. 2010 ఏప్రిల్ నాకు మంచి రోజులు కావు. ఉద్యోగం కొత్త, ఊరు కొత్త, రూమ్‌లో ఒక్కణ్నే. ‘ఎలక్ట్రిక్ ఫీల్’ విన్నప్పుడు కాలేజీ స్నేహితులంతా పక్కనే ఉన్నట్టుండేది. కొత్త ఆల్బమ్ వస్తే మళ్లీ అలా ఉంటుందని సీడీ కొన్నా. రూమ్‌కి తెచ్చి పెడితే, లోపల కూడా ఎవరో ఒంటరిగా కూర్చుని పాడుకుంటున్నారు. భరించలేకపోయా. ఆల్బమ్ తప్పు కాదేమో. కానీ ఇప్పటికీ పెట్టాలంటే చేయి రాదు, అది కూడా నిజం.

నిద్రపట్టని_నీలిమ

పెట్టకండి. అన్నీ వినితీరాలని ఎక్కడా లేదు.

కీబోర్డ్_కిట్టు

గోంగూర అన్నా, ఇది మొదటి పోస్టులోనే రాసుంటే నేను ఒక్క మాట కూడా అనేవాణ్ని కాదు. హైదరాబాద్ వస్తే చెప్పు, ‘కిడ్స్’ నేను వాయిస్తా, నువ్వు గిటార్ తెచ్చుకో.

గోంగూర_గిటార్

మాటిచ్చావ్, స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

క్యాసెట్‌కాలం

వెళ్లేముందు సీతమ్మధార గారికి ఒక పని. ఆఖరి పాట, ఆల్బమ్ పేరుతో ఉన్నదే, విడిగా వినండి. గిటార్ మీద తీరిగ్గా నడిచే పాట, సందడి ఏమీ ఉండదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, గొంతు ఆగిపోయాక కూడా ఆపకుండా ఉంచండి. చివర్లో ఏం వినపడిందో వచ్చి రాయండి. నేను ముందే చెప్పను, ఇంకెవరూ చెప్పకండి.

అలల_అప్పారావు

చెప్పం.

సీతమ్మధార

విన్నా. మేడ మీద, కరెంటు పోయిన టైమ్‌లో, చుట్టూ ఏ చప్పుడూ లేకుండా.

పాట అయిపోయాక చప్పట్లు. స్టేడియం చప్పట్లు కావు. నలుగురో ఐదుగురో ఉన్న గదిలో, మర్యాదకి కొట్టే చప్పట్లు. పలచగా మొదలై పలచగానే ఆగిపోయాయి. ముందు మా పక్క మేడ మీద ఎవరో కొడుతున్నారనుకుని హెడ్‌ఫోన్ తీసి చూశా కూడా.

మా హాస్టల్ రూమ్‌లో ఆరుగురం విన్నామన్నాను కదా. ఆ రోజు ఇంతవరకూ రానే లేదు, సగంలోనే ఆపేశాం. మిన్నెసోటా గారు చెప్పిన షో, ఆ అరుపులు, ఈ చప్పట్లు, రాత్రంతా బుర్రలో తిరుగుతున్నాయి.

‘సైబీరియన్ బ్రేక్స్’ మాత్రం నాలుగోసారీ పూర్తి చేయలేదు. ఎనిమిదో నిమిషం దాకా వచ్చా. ఆదివారం మేనల్లుడిని తీసుకుని రుషికొండ వెళ్తున్నాం, అక్కడ పెట్టి చూస్తా.

అలల_అప్పారావు

పొద్దున ఆరింటికి రండి, ఎండెక్కితే ఇసుక మీద కూర్చోలేరు. నేను అక్కడే ఉంటా, నీలం బోర్డు.